ఊరి మధ్య చెరువులో పక్షులూ ఉండాలి, జనమూ తిరగాలి: కుదురుతుందా?

మీ ప్రశ్న చదివాను. నెల్లూరు జిల్లాలోని ఒక మున్సిపాలిటీలో, ఇళ్ల మధ్య నలభై ఎకరాల పాత సాగునీటి చెరువు. కింద ఆయకట్టు ఎప్పుడో ప్లాట్లయిపోయింది. సగానికి గుర్రపుడెక్క పట్టింది, ఒక మూల మురుగు కాలువ కలుస్తోంది. అయినా చలికాలం వస్తే గూడబాతులు (పెలికాన్లు) దిగుతున్నాయి. ఇప్పుడు సుందరీకరణకు డబ్బు మంజూరైంది. ప్లాన్‌లో చుట్టూ రాతి కట్టడం, వాకింగ్ ట్రాక్, పెద్ద లైట్లు, బోటింగ్, మధ్యలో ఫౌంటెన్ ఉన్నాయి. పక్షులు పోకుండా, జనానికి కూడా పనికొచ్చేలా చేయొచ్చా, చేస్తే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

చేయొచ్చు. కానీ నాలుగు వైపులా జనాన్ని తిప్పితే మాత్రం కుదరదు. ఒడ్డులో సగం జనానికి ఇవ్వండి, మిగతా సగం వైపు మనిషి అడుగు పడనివ్వకండి. డబ్బు ఖర్చు పెట్టే వరుస కూడా ముఖ్యం. మొదటి రూపాయి మురుగు కాలువ మీద, రెండోది ఒడ్డు వాలు మీద, మిగిలింది ట్రాక్ మీద పెట్టండి. మీకు వచ్చిన ప్లాన్‌లో ఈ వరుస తలకిందులుగా ఉంది. మీరు పోరాడాల్సింది అక్కడే.

నేను నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ముప్పై ఏళ్లకు పైగా చెరువు పనులు చేయించాను. కట్టలు, తూములు, కలుజులు (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు, ప్రకాశం వైపు అలుగు అంటారు) నా ఉద్యోగం. పక్షుల సంగతి ఫారెస్టు వాళ్ల వెంట, ఇంకా ఎక్కువగా చెరువుల్లో చేపలు పట్టుకునే యానాదుల వెంట తిరిగి నేర్చుకున్నాను. అందుకని నేను చెప్పేది ఎక్కువగా నీళ్లూ మట్టీ గురించే ఉంటుంది.

ముందు ఒడ్డు వాలు గురించి. దీన్ని ఎవరూ పట్టించుకోరు. చెరువు బతికేదీ చచ్చేదీ ఇక్కడే.

మన పాత చెరువులకు ఒక వైపే కట్ట ఉంటుంది. ఎదుటి వైపు నేల మెల్లగా పైకి వెళ్తుంది. అక్కడ నీళ్లు మోకాలి లోతు, చీలమండ లోతు, ఆ పైన తడి బురద, ఆ పైన గడ్డి. చిన్న కాళ్ల పిట్టలు రెండు మూడు అంగుళాల నీళ్లలో తిరుగుతాయి. తెల్ల కొంగలకు, తెడ్డుమూతి కొంగలకు, ఎర్రకాళ్ల కొంగలకు జానెడు, మహా అయితే మూరెడు లోతు కావాలి. ఈదుతూ వేటాడే గూడబాతులకూ మునిగి వేటాడే నీటికాకులకూ లోతైన చోటు కావాలి. ఒకే చెరువులో ఇన్ని రకాలు ఉండాలంటే ఇన్ని లోతులు ఉండాలి.

లెక్క సులభం. ఒడ్డు పదికి ఒకటి వాలుతో ఉందనుకోండి. చెరువు నీళ్లు ఒక మీటరు తగ్గితే పది మీటర్ల వెడల్పున కొత్త బురద బయటపడుతుంది. పురుగు, నత్త, చిన్న చేప అన్నీ అందులో ఉంటాయి. అదే ఒడ్డును ఒకటిన్నరకు ఒకటి వాలుతో రాయి పరిస్తే, అదే మీటరు తగ్గినప్పుడు బయటపడేది ఒకటిన్నర మీటర్ల రాయి. కొంగ నిలబడటానికి చోటుండదు, నిలబడినా తినడానికి ఏమీ ఉండదు.

ప్రకాశం జిల్లాలో ఒక పట్టణపు చెరువు ఇలాగే చేశారు. పొక్లెయిన్లు పెట్టి గిన్నెలా ఒకే లోతుకు తవ్వేశారు, చుట్టూ రాయి పరిచారు, పైన రెయిలింగ్ పెట్టారు. ప్రారంభోత్సవం రోజు చూడముచ్చటగా ఉంది. రెండో ఏడాది నేను వెళ్లేసరికి రాయి మీద నీటి గీత వెంట నాచు పట్టి నూనె రాసినట్టుంది. నేను చూస్తుండగానే ఒక గేదె దూడ నీళ్లకు దిగింది. మళ్లీ ఎక్కడానికి ముందు కాళ్లు వేస్తుంది, జారిపోతుంది. వేస్తుంది, జారిపోతుంది. గిట్టలు రాయి మీద గీరుకుంటున్న చప్పుడు నాకిప్పటికీ చెవిలో ఉంది. ఇద్దరు కుర్రాళ్లు తాడు వేసి లాగితే గానీ బయటికి రాలేదు. దూడ బదులు ఐదేళ్ల పిల్లాడు ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. మెల్లని వాలు పక్షికి ఎంత అవసరమో మనిషికీ అంతే అవసరం. పిల్లాడు జారినా మోకాలి లోతులో నిలబడతాడు. మీటింగులో పక్షుల మాట ఎవరికీ ఎక్కకపోతే ఈ మాట చెప్పండి, ఎక్కుతుంది.

కాబట్టి రాయి పరచడం కట్ట వైపుకే పరిమితం చేయించండి. అల తాకిడికి కట్ట కోసుకుపోకుండా అక్కడ రాయి కావాల్సిందే, దానికి నేను అడ్డు చెప్పను. ఎదుటి ఒడ్డు, రెండు పక్క ఒడ్లు మట్టితోనే ఉండాలి. ఇప్పటికే నిటారుగా తవ్వేసి ఉంటే పూడిక మట్టినే వెనక్కి నెట్టి పదికి ఒకటి వాలు తీసుకురావచ్చు. రాతి పని కంటే చాలా తక్కువ ఖర్చు.

పూడిక తీయాలా అంటే, తీయాలి, కొంతే తీయాలి. మొత్తం చెరువును ఒకే సీజన్లో గీకేయకండి. పై అడుగు మట్టిలో తుంగ, కలువ, నీళ్లలో పెరిగే నాచు మొక్కల విత్తనాలుంటాయి, ఎండాకాలం మట్టిలోకి దిగి దాక్కునే నత్తలూ కప్పలూ ఉంటాయి. అదంతా లారీలకెక్కించి పంపేస్తే ఆ తర్వాత మూడు నాలుగేళ్లు చెరువు నీళ్ల తొట్టిలా ఉంటుంది. కట్ట దగ్గర, తూము ముందు ఉన్న మూడో వంతు చోటు మాత్రం లోతు చేయండి. ఒకటి రెండు చోట్ల ఇంకా లోతైన గుంటలు వదిలితే వేసవిలో చేపలు అక్కడ బతుకుతాయి. తీసిన మట్టిలో కొంత దిబ్బలకు వాడుకోండి. మిగతాది మురుగు తగలని చోటుదైతే రైతులు పొలాలకు తోలుకుపోతారు. మురుగు మూల మట్టిని మాత్రం పొలాలకు పంపేముందు ల్యాబులో పరీక్ష చేయించండి.

మురుగు. ఇది తేలకుండా మిగతావేవీ నిలవవు. గుర్రపుడెక్క జబ్బు లక్షణం. జబ్బు మీ మూలన కలుస్తున్న కాలువలో ఉంది.

ఎంత మురుగు వస్తుందో ముందు లెక్క వేయండి. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు అని లెక్కిస్తారు, అందులో 80 శాతం మురుగుగా తిరిగొస్తుంది. ఆ కాలువ మీద వెయ్యి ఇళ్లు, ఇంటికి నలుగురు అనుకుంటే రోజుకు నాలుగు లక్షల లీటర్ల పైమాటే. దీన్ని మొత్తం మళ్లించి అండర్‌గ్రౌండ్ డ్రైనేజీలో కలిపేస్తామని అంటారు. మంచిదే. కానీ ఒక్క మాట అడగండి: కలిపేశాక వేసవిలో చెరువుకు నీళ్లెక్కడివి? మే నెలలో మన దగ్గర రోజుకు ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్లు ఆవిరైపోతుంది. శుద్ధి చేసిన నీళ్లు చెరువుకు వస్తే అది వరం.

చిన్న పట్టణాల్లో నాకు నచ్చిన పద్ధతి ఇది. కాలువ నోటి దగ్గర ముందు ఒక జల్లెడ, ప్లాస్టిక్ ఆగడానికి. తర్వాత మడ్డి దిగే తొట్టి. ఆ తర్వాత మోకాలి లోతు మడుల్లో జమ్ము, తుంగ పెంచి వాటి మధ్యగా నీళ్లను మెల్లగా నడిపించాలి. మన వేడి వాతావరణంలో మనిషికి ఒకటి నుంచి రెండు చదరపు మీటర్ల మడి ఉంటే సరిపోతుంది. నాలుగు వేల మందికి ఎకరం నుంచి రెండెకరాలు. మీ నలభై ఎకరాల్లో అది పెద్ద చోటేం కాదు. బెంగళూరులో జక్కూరు చెరువుకు శుద్ధి కేంద్రం నీళ్లు ఇలాంటి మడి గుండానే వస్తాయి, వెళ్లి చూడొచ్చు. ఒకటే షరతు: తొట్టిలో మడ్డి తీయడం, జమ్ము కోయడం ఎవరి పనో కాగితం మీద రాసుండాలి. ఈ ఒక్క లైను కాంట్రాక్టులో లేక రెండేళ్లకే మూసుకుపోయిన మడులు చూశాను.

నీళ్లు బాగుపడుతున్నాయో లేదో మీరే చూసుకోవచ్చు. ఒక తెల్ల ప్లేటు మధ్యలో బెజ్జం వేసి, కింద రాయి కట్టి, తాడుతో నీళ్లలోకి దించండి. కనిపించకుండా పోయిన చోట తాడు మీద ముడి వేయండి. ప్రతి నెలా అదే చోట, అదే వేళకు చేయండి. ప్లేటు ఎంత లోతుదాకా కనిపిస్తే నీళ్లు అంత తేటపడ్డట్టు. ఇంకొక గుర్తు, తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే నీళ్లలో ఆక్సిజన్ అడుగంటిందని అర్థం.

గుర్రపుడెక్క గురించి. మందు కొట్టిస్తామంటే వద్దనండి. చచ్చిన ఆకంతా అడుగున కుళ్లి ఉన్న ఆక్సిజన్ కూడా లాగేస్తుంది, చేపలు తేలిపోతాయి. అనుకూలంగా ఉంటే రెండు వారాల్లో రెట్టింపయ్యే మొక్క ఇది. విత్తనం బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. ఒకసారి జేసీబీతో తీసేసి ఫొటో దిగితే సరిపోదు. నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు, పూత రాకముందు, గాలి ఏ ఒడ్డుకు నెడుతుందో చూసి ఆ ఒడ్డున తీయించండి. మిగిలిన నీళ్లకు అడ్డంగా ఖాళీ డ్రమ్ములు తాడుకు కట్టి వదిలితే తీసిన చోటికి మళ్లీ పాకదు. ఆ తర్వాత ఇద్దరు మనుషులు, ఒక తెప్ప, వారానికి రెండు రోజులు, ఎప్పటికీ. బడ్జెట్‌లో ఫౌంటెన్ తీసేసి ఈ ఇద్దరి జీతం పెట్టించండి.

కలువలూ తుంగా కూడా పిచ్చిమొక్కలేనని మొత్తం తీసేస్తుంటారు. బుడుబుంగ గూడు కట్టేది తేలే నాచు మీద, నీటికోళ్లు దాక్కునేది తుంగలో. వాటిని ముట్టుకోనివ్వకండి.

తూము తాళం. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. మన నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే పడుతుంది. పక్షులు గూళ్లు కట్టేది కూడా అప్పుడే మొదలై మార్చి, ఏప్రిల్ దాకా సాగుతుంది. నేలపట్టు పక్షుల కేంద్రం చూసుంటే మీకు తెలుసు. అక్కడ నీళ్లలోనే పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. చెట్టు చుట్టూ నీళ్లున్నంత కాలం కుక్కా, అడవి పిల్లీ రాలేవు. ఫిబ్రవరిలో ఎవరో పనికోసం తూము ఎత్తి నీళ్లు వదిలేస్తే చెట్టు కింద నేల ఆరిపోతుంది, గూళ్లకు కాపలా పోతుంది.

కాబట్టి ఏ నెలలో నీళ్లు ఏ మట్టంలో ఉండాలో రాసిన ఒక పట్టిక కావాలి. నవంబరులో నిండుగా, మార్చి దాకా కాపాడి, ఏప్రిల్ నుంచి మెల్లగా దించి, మే నెలాఖరుకు అడుగు మూడో వంతు ఎండనివ్వాలి. ఎండటం చెరువుకు రోగం అనుకుంటారు గానీ, మన చెరువులు వందల ఏళ్లుగా అలాగే బతికాయి. బురద నెర్రెలిచ్చి గాలి పోసుకుంటే కంపు పోతుంది, గుర్రపుడెక్క మొలకలు మాడిపోతాయి, తొలకరికి మట్టిలోంచి కొత్త ప్రాణం లేస్తుంది. ఏడాది పొడుగునా బోట్ల కోసం నిండుగా ఉంచే చెరువులో ఇదేదీ జరగదు. మోటారు బోటు వద్దనడానికి చప్పుడొక్కటే కారణం కాదు, ఈ నీటి మట్టం కూడా.

దిబ్బలు, చెట్లు. తీసిన మట్టితో రెండు మూడు దిబ్బలు వేయండి, ఏ ఒడ్డుకైనా కనీసం యాభై, అరవై మీటర్ల దూరంలో. వాటి మీద కడప, నల్లతుమ్మ నాటండి. రెండూ నీళ్లలో నిలబడగలవు. వేసవిలోనే, నడుమెత్తు మొక్కలు నాటాలి, వానలకు నీళ్లొచ్చేసరికి తలలు పైనుండాలి. ప్లాన్‌లో అశోక చెట్లు, రాయల్ పామ్‌లు రాసుంటే కొట్టేయించండి, కొంగలు గూళ్లు కట్టడానికి అవి అంతగా అనువు కావు.

ఒడ్డున చిల్లచెట్లు (సర్కారు తుమ్మ) ఉంటే మాత్రం తొందరపడి పీకించకండి. నేనూ ఆ చెట్టంటే గిట్టనివాడినే. కానీ గుంటూరు పక్కన ఉప్పలపాడు చూడండి, ఊరి చెరువులోని తుమ్మ చెట్ల మీదే గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ పిల్లలు చేస్తున్నాయి. ముందు కొత్త చెట్లు ఎదగనివ్వండి, గూళ్లు లేని నెలల్లో ఏడాదికి కొన్ని చొప్పున పాతవి తీయండి.

ఇక జనం. పక్షుల పేరు చెప్పి జనాన్ని బయటికి నెట్టే చెరువు ఎక్కువ కాలం నిలవదని నా నమ్మకం. నెల్లూరు చెరువే చూడండి. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకు లక్షల మంది నీళ్లలో దిగి నిలబడి, చదువు రొట్టె, ఆరోగ్య రొట్టె, సంతాన రొట్టె అని చేతులు మార్చుకుంటారు. ఆ చెరువు జనం మనసులో ఉంది కాబట్టే దాని గురించి ఎవరైనా మాట్లాడితే ఊరు వింటుంది. ఈ పండుగ మొహర్రం నెలలో వస్తుంది, అది చాంద్రమానం కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుగా వస్తుంది. ఇప్పుడు వేసవి చివర వస్తోంది, ఇంకో పదిహేనేళ్లకు జనవరిలో, పక్షులు నిండుగా ఉండే రోజుల్లో వస్తుంది. ఇలాంటివి ఇప్పుడే ఆలోచించుకోవాలి, ఎవరి ఒడ్డు వాళ్లకు ముందే ఏర్పడి ఉంటే ఇబ్బంది రాదు.

మీ చెరువుకు కట్ట వైపు మొత్తం జనానికి ఇవ్వండి. నడిచే దారి, బెంచీలు, ముసలివాళ్లు దిగడానికి మెట్లు, వినాయకుడి నిమజ్జనానికి పక్కన వేరే తొట్టి. ఎదుటి ఒడ్డు వైపు దారి వద్దు. అక్కడ కంచె కంటే ఒక నీటి కందకం, దాని వెనక ముళ్ల పొదల వరుస బాగా పనిచేస్తాయి. ఒక మూల తడికల గుడిసె కట్టి చూసే కన్నాలు పెట్టండి. అందులో సగం కన్నాలు పిల్లల ఎత్తుకు పెట్టించండి. మేం ఒక చిన్న చెరువు దగ్గర అలా చేస్తే, బడి పిల్లలు గుసగుసగా మాట్లాడుకుంటూ అరగంట కూర్చున్నారు. ఎవరూ ష్ అనాల్సిన పని రాలేదు.

లైట్లు: హైమాస్ట్ వద్దే వద్దు. నడుమెత్తు స్తంభాలు, పసుపు వెలుగు, దారి మీదికే పడేలా, నీళ్ల మీద పడకుండా, రాత్రి తొమ్మిదిన్నరకు ఆరిపోయేలా. ఇంకొకటి, కట్ట మీద చికెన్ వ్యర్థాలు పోయడం ఆపించండి. దాని కోసం కుక్కలు చేరతాయి, అవి ఒడ్డున తీతువు గుడ్లను ఒక్కటి మిగల్చవు.

చేపల వేలంపాట. మీ చెరువు చేపల హక్కు ఎవరిదో కనుక్కోండి. పాట పాడుకున్నవాళ్లు బంగారు తీగ ఎక్కువగా వదిలితే అది అడుగు బురద తవ్వి నీళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉంచుతుంది, నాచు మొలవదు. గడ్డి చేప వదిలితే నాచంతా తినేస్తుంది. బొచ్చె, శీలావతి పరిమితంగా వదులుకోమని ఒప్పించవచ్చు. వలలూ మావులూ వేసుకుని చిన్న చేపలు పట్టుకునే యానాది కుటుంబాలు ఉంటే వాళ్లను సుందరీకరణ పేరుతో వెళ్లగొట్టనివ్వకండి. గుర్రపుడెక్క పనికీ, కాపలాకీ, దిబ్బల మీద మొక్కల పనికీ వాళ్లకంటే చెరువు తెలిసినవాళ్లు మీకు దొరకరు. జీతమిచ్చి పెట్టుకోండి.

చివరగా చట్టం సంగతి. 2017 చిత్తడి నేలల నియమాలు మనల్ని కాపాడతాయని చాలామంది అనుకుంటారు. సాగునీటి కోసం మనిషి కట్టిన చెరువులను ఆ నియమాలు నిర్వచనంలోనే పక్కన పెట్టాయి, దాని మీద ఆధారపడకండి. చెరువుల ఆక్రమణ మీద 2001లో సుప్రీంకోర్టు హించ్‌లాల్ తివారీ కేసులో ఇచ్చిన తీర్పు, మన రాష్ట్రపు 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) మీకు పనికొస్తాయి. అన్నిటికంటే ముందు సర్వే చేయించి ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) రాళ్లు పాతించండి. ట్రాక్‌ను ఎఫ్‌టీఎల్ లోపల వేసి, ఆ బయట మిగిలిన చెరువు భూమిని ప్లాట్లకు కలిపేసిన సంగతి నేను కళ్లారా చూశాను. ట్రాకే సరిహద్దు అని తర్వాత వాదిస్తారు. రాళ్లు పడ్డాకే ట్రాక్ టెండరు పిలవమని రాతపూర్వకంగా అడగండి.

మీ చెరువు చిత్తు పటం ఒకటి చేత్తో గీసి పెట్టండి. కట్ట ఎటు, కలుజు ఎటు, మురుగు ఏ మూల, గూడబాతులు ఎక్కువగా ఏ వైపు వాలుతున్నాయి, ఏప్రిల్‌లో నీళ్లు ఎక్కడిదాకా తగ్గుతాయి, ఇవి చాలు. దిబ్బలు ఎక్కడ వేయాలో, జమ్ము మడి ఏ మట్టంలో ఉండాలో చూసి చెబుతాను. తూము తాళం ఎవరి దగ్గర ఉందో కూడా కనుక్కుని రాయండి.